కొత్త రచయిత పుస్తకం నచ్చకపోతే సమీక్షలో ఏం రాయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కొంతకాలంగా చదివిన పుస్తకాల గురించి రాస్తున్నారు. అది చూసి పెద్దగా పేరు లేని రచయితలు తమ కొత్త పుస్తకాలు పంపి సమీక్ష రాయమంటున్నారు. వాటిలో థ్రిల్లర్ ఉంది, కవితా సంపుటి ఉంది, ఆరోగ్యం మీద ఒక పుస్తకం ఉంది. ఇన్ని రకాల మీద మాట్లాడే అర్హత మీకుందా అన్నది ఒక సందేహం. బాగాలేనిదాన్ని బాగాలేదని రాస్తే కొత్తవాళ్లను మొలకలోనే తుంచేసినట్టు అవుతుందేమో అన్నది రెండో టెన్షన్.

ముందు సూటిగా జవాబు. వచ్చిన ప్రతి పుస్తకానికీ సమీక్ష రాయకండి. రాయాలనుకున్నదాన్ని చివరి పేజీ దాకా చదివి, అది ఎవరికి నచ్చుతుందో, ఎవరికి నచ్చదో పుస్తకంలోంచే ఆధారం చూపించి రాయండి. లోపాలు చెప్పడానికి జంకక్కర్లేదు. కానీ ఊరికే నీరసంగా ఉన్న పుస్తకాన్ని పట్టుకుని చీల్చి చెండాడితే ఎవరికీ ఒరిగేదేమీ లేదు, దాన్ని వదిలేయండి. ఇక అర్హత సంగతి: అన్ని ప్రక్రియల్లో పాండిత్యం ఎవరికీ ఉండదు. ఆ రకం పుస్తకం తెరిచేవాళ్లు దాన్నుంచి ఏం కోరుకుంటారో తెలిస్తే పని జరుగుతుంది.

నేను పత్రికలకూ ఆన్‌లైన్‌లోనూ చాలా ఏళ్లుగా సమీక్షలు రాస్తున్నాను. వాటిలో ఎక్కువ భాగం ఎవరో ఒకరి మొదటి పుస్తకమే. అందుకని కాస్త వివరంగా చెబుతాను.

పేరున్న రచయిత కొత్త పుస్తకం వస్తే పాఠకుడి దగ్గర ముందే చాలా సమాచారం ఉంటుంది. పాత పుస్తకాలు చదివి ఉంటాడు, ఇంటర్వ్యూలు చూసి ఉంటాడు, పది మంది మాట్లాడుకుంటూ ఉంటారు. మీ సమీక్ష ఆ పదకొండో గొంతు. అదే ఎవరూ వినని రచయిత విషయంలో, పుస్తకం పేరు వెతికితే కనిపించే మొదటి రాత మీదే కావచ్చు. ఒక్కోసారి అదే ఆఖరిది కూడా. కాబట్టి మీ తీర్పు కంటే మీ వర్ణన ఎక్కువ అవసరం. కథ ఎక్కడ జరుగుతుంది, ఎవరు చెబుతున్నారు, వాక్యం ఎలా నడుస్తుంది, నెమ్మదా వేగమా, నవ్విస్తుందా, ఎంత లావు పుస్తకం, మధ్యలో బిగువు తప్పుతుందా. ఇవి తెలిస్తే పాఠకుడు తన నిర్ణయం తను తీసుకుంటాడు. మీకు నచ్చని కారణమే ఇంకొకరికి ఆ పుస్తకం కొనడానికి కారణం కావచ్చు. "కథ కంటే వాతావరణం ఎక్కువ, నాకు విసుగొచ్చింది" అని నేను రాసిన ఒక నవలను, సరిగ్గా ఆ వాక్యం చూసే తెప్పించుకున్నామని చెప్పిన పాఠకులు ఉన్నారు.

ఆన్‌లైన్‌లో కనిపించే సమీక్షల్లో నాకు చిరాకు తెప్పించేది తిట్లు కాదు, ఖాళీ మెప్పు. "హృదయాన్ని హత్తుకునే కథనం, ప్రతి ఒక్కరూ తప్పక చదవాల్సిన పుస్తకం." దీంట్లో పుస్తకం ఎక్కడుంది? రాసింది పంపేముందు ఒక్కో వాక్యం దగ్గర ఆగి, దాన్ని ఇంకో పుస్తకానికి అతికిస్తే అతుకుతుందా అని చూడండి. అతికితే కొట్టేయండి. నా చిత్తుప్రతుల్లో ఇప్పటికీ మూడో వంతు ఇలాగే పోతుంది.

చెడ్డ సమీక్ష కొత్తవాళ్లను ముంచేస్తుందా అన్న భయం గురించి. దీని మీద పేరున్న పరిశోధన ఒకటి ఉంది. బెర్గర్, సోరెన్సెన్, రాస్ముస్సెన్ అనే ముగ్గురు 2010లో మార్కెటింగ్ సైన్స్ పత్రికలో ప్రచురించారు. న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన సమీక్షలనూ ఆ పుస్తకాల అమ్మకాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. ప్రతికూల సమీక్ష వల్ల పేరున్న రచయితల అమ్మకాలు సుమారు 15 శాతం తగ్గాయి. పేరు లేనివాళ్ల అమ్మకాలు మాత్రం సుమారు 45 శాతం పెరిగాయి. వాళ్లు చెప్పిన కారణం సబబుగానే ఉంది: కొన్నాళ్లకు తిట్టారా మెచ్చుకున్నారా అన్నది జనం మర్చిపోతారు, పుస్తకం పేరు మాత్రం ఎక్కడో విన్నట్టు మిగిలిపోతుంది.

దీన్ని చూసి ఎడాపెడా తిట్టేయొచ్చని కాదు. అది లక్షల మంది చదివే పత్రిక, మన పేజీలకు అంతమంది పాఠకులు లేరు. పైగా 2006లో షెవలియర్, మేజ్లిన్ అనే ఇద్దరు అమెజాన్, బార్న్స్ అండ్ నోబుల్ అనే పుస్తకాలమ్మే సైట్ల మీద చేసిన పరిశీలన వేరే సంగతి చెప్పింది: ఐదు స్టార్ల రివ్యూ అమ్మకాలను పెంచేదానికంటే ఒక్క స్టార్ రివ్యూ దెబ్బ తీసేది ఎక్కువ. అదే పరిశీలనలో, కొనేవాళ్లు సగటు స్టార్లతో సరిపెట్టుకోకుండా రివ్యూలో రాసింది చదువుతున్నారనడానికి కూడా ఆధారాలు కనిపించాయి. రెండూ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఏమిటంటే, కారణం చెప్పకుండా ఒక్క స్టార్ పడేసి పోవడం అన్యాయం. వివరంగా, న్యాయంగా లోపాలు చెప్పే సమీక్ష వల్ల అనామక రచయితకు జరిగే నష్టం మనం ఊహించుకునేంత ఉండదు. వాళ్లను ఎక్కువ దెబ్బ తీసేది ఎవరూ ఏమీ అనకపోవడం.

అసలు పని పుస్తకం ఒప్పుకునే దగ్గరే మొదలవుతుంది. ఎవరైనా అడిగితే నేను ముందు మొదటి అధ్యాయం పంపమంటాను. కవిత్వమైతే మధ్యలోంచి కొన్ని కవితలు, ఎందుకంటే అందరూ తమ మంచి కవితలు ముందే పేరుస్తారు. అది చదివాక ఇంకా చదవాలనిపిస్తేనే పుస్తకం తీసుకుంటాను. తీసుకునేటప్పుడే నాలుగు మాటలు రాసి పంపుతాను: సమీక్ష వస్తుందని హామీ లేదు, వచ్చినా ఫలానా తేదీకని లేదు, ప్రచురించే ముందు మీకు చూపించను, డబ్బు తీసుకోను. ఈ మాటలు చూసి వెనక్కి తగ్గే రచయితలు కొందరుంటారు. వాళ్లతో తర్వాత పడాల్సిన తలనొప్పి ముందే తప్పిపోయినట్టు.

రచయిత మీకు స్నేహితుడైతే రాయకండి. మరీ తప్పకపోతే ఆ స్నేహం సంగతి మొదటి పేరాలోనే చెప్పేయండి. అమెజాన్ అయితే రచయిత కుటుంబసభ్యులూ దగ్గరి స్నేహితులూ పెట్టే రివ్యూలను అసలు ఒప్పుకోదు, కనిపెడితే తీసేస్తుంది. పుస్తకం ఉచితంగా వచ్చిందన్న సంగతి కూడా ఒక లైనులో రాయాలి. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో సవరించిన మార్గదర్శకాల్లోనే బ్లాగర్లు ఇలాంటివి వెల్లడించాలని చెప్పింది. 2024 అక్టోబరు నుంచి నకిలీ రివ్యూల మీదా, ఇలాగే మెచ్చుకోవాలన్న షరతుతో కొనే రివ్యూల మీదా అక్కడ జరిమానాలు వేసే నియమం అమల్లో ఉంది. ఉచిత కాపీ మాత్రం తప్పు కాదు. 2016లో అమెజాన్, అమ్మేవాళ్లు వస్తువును ఉచితంగానో తగ్గింపుకో ఇచ్చి రాయించుకునే రివ్యూలను నిషేధించినప్పుడు కూడా పుస్తకాలకు మినహాయింపు ఇచ్చింది, రివ్యూ రాయాలనే షరతు లేకుండా ఇస్తేనే సుమా.

డబ్బు తీసుకుని రాసే వ్యవస్థలు కూడా ఉన్నాయి. 1933లో అమెరికాలో మొదలైన కిర్కస్ లాంటి పాత పుస్తక సమీక్షల సంస్థే సొంతంగా ప్రచురించుకునే రచయితలకు డబ్బు తీసుకుని సమీక్ష రాయించే విభాగం నడుపుతోంది. మెచ్చుకుంటామన్న హామీ వాళ్లివ్వరు, అది నిజమే. కానీ సమీక్ష నచ్చకపోతే బయట పెట్టొద్దని రచయిత చెప్పుకోవచ్చు. అంటే బయటికి వచ్చేవి ఎక్కువగా మంచివే అవుతాయి. అది వ్యాపారంగా సరే, పాఠకుడికి మాత్రం సగం బొమ్మే కనిపిస్తుంది. మీ స్థాయిలో డబ్బు జోలికి పోకపోవడమే మేలు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, పుస్తకం బాగాలేకపోతే ఏంటి? "బాగాలేదు" అనేది ఒక రకం కాదండీ, అక్కడ తేడా చూడాలి.

మొదటిది, ఊరికే బలహీనమైన పుస్తకం. వాక్యాలు పేలవం, పాత్రలు అట్టబొమ్మలు, ఎవరికీ హాని లేదు, ఎవరూ చదవబోవడం లేదు. దీని మీద సమీక్ష రాస్తే ఎవరికీ తెలియని పుస్తకాన్ని బజారుకెక్కించి మరీ కొట్టినట్టు. నేను రాయను. రచయిత అడిగితే ఉత్తరం రాస్తాను, అడగకపోతే అదీ లేదు. అడగని సలహా ఎంత మంచిదైనా ఎవరికీ ఎక్కదు.

రెండోది, మంచి పుస్తకమే, లోపాలున్నాయి. కొత్త రచయితల్లో మనం రాయదగ్గవి దాదాపు అన్నీ ఇవే. ఇక్కడ లోపాలు దాచితే పుస్తకానికే నష్టం. ఒక కథల సంపుటి గుర్తొస్తోంది. మొదటి రెండు కథలు చాలా మామూలువి, నేనైతే అక్కడే మూసేసేవాణ్ని. నాలుగో కథ నుంచి రచయిత గొంతు ఒక్కసారిగా మారిపోయింది. ముసలి తండ్రిని చూసుకునే కొడుకు విసుగును అంత నిర్దాక్షిణ్యంగా రాసిన కథ నేను ఎక్కువ చదవలేదు. సమీక్షలో అదే రాశాను: మొదటి రెండూ దాటేసి నాలుగో కథతో మొదలుపెట్టండి అని. లోపం చెప్పడం అంటే ఇలా పాఠకుడికి దారి చూపించడం కూడా.

మూడోది, హాని చేసే పుస్తకం. షుగరు మందులు మానేయొచ్చనో, ఫలానా కషాయంతో గడ్డలు కరుగుతాయనో, లేని చరిత్రను ఆధారాలున్నట్టు రాసో, ఒక సమూహాన్ని కించపరిచో వచ్చే పుస్తకాలు. రచయిత కొత్తా పాతా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. పేజీ నంబరుతో సహా రాయండి. ఆ విషయం తెలిసినవాళ్లకు ఒకసారి చూపించి రాయండి. అలాంటి ఆరోగ్య పుస్తకం మీద రాసే ముందు నేను ఒక డాక్టరుతో ఆ అధ్యాయం చదివించాను. నాకు తప్పుగా తోచిన ఒక వాక్యం నిజానికి సరైనదేనని, నేను మామూలుగా చదివి దాటేసిన ఇంకో వాక్యం ప్రమాదకరమనీ అప్పుడే తెలిసింది.

లోపం ఎలా చెప్పాలి? మనిషి గురించి కాకుండా పుటల గురించి మాట్లాడాలి. "రచయితకు పాత్రచిత్రణ చేతకాదు" అన్నది నిందే తప్ప సమాచారం కాదు. "మొదటి సగంలో సొంత గొంతుతో మాట్లాడిన అక్క, ఊరు మారాక తమ్ముడి కథకు వార్తలు మోసే మనిషిగా మిగిలిపోయింది" అంటే పాఠకుడికి బొమ్మ కడుతుంది, రచయితకూ తన పుస్తకంలో ఎక్కడ చూసుకోవాలో తెలుస్తుంది. ఆ లోపం వల్ల చదవడం ఎంత చెడిందో కూడా చెప్పాలి. కొన్ని తప్పులు కంటికి తగులుతాయి తప్ప కాలికి అడ్డం రావు.

"మొదటి పుస్తకం కదా, చూసీ చూడనట్టు పోదాం" అనే దయ మాత్రం వద్దు. పాఠకుడు ఆ పుస్తకానికి వెచ్చించే సాయంత్రం, పేరున్న రచయిత పుస్తకానికి వెచ్చించే సాయంత్రం ఒకటే. దయ చూపించాలనుంటే ఎంపికలో చూపించండి, నేనైతే సమానంగా ఉన్న రెండింటిలో పేరు లేనివాళ్లదే తీసుకుంటాను. అలాగే ఆ రకంలో అందరూ తలమీద పెట్టుకునే మహా రచనలతో పోల్చి కొట్టేయడం కూడా న్యాయం కాదు. ఈ పుస్తకం ఏం చేయబోయింది, ఎంతవరకు చేసింది అన్నదే చూడాలి.

ఇక ప్రక్రియల సంగతి. అన్నిటికీ ఒకే కొలబద్ద పెడితే ప్రతి పుస్తకమూ ఏదో ఒక దాంట్లో ఫెయిలవుతుంది.

థ్రిల్లర్, అపరాధ పరిశోధన: పాఠకుణ్ని మోసం చేయకుండా బోల్తా కొట్టించాడా అన్నదే ఇక్కడ ప్రశ్న. రొనాల్డ్ నాక్స్ అనే రచయిత 1929లో డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం వెంటనే పాఠకుడికీ చూపించాలన్నది వాటిలో ఒకటి. మిగతా నియమాలు ఎప్పుడో పాతబడ్డాయి గానీ ఇది మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది. పుస్తకం ముగించాక మొదటి యాభై పేజీలు మళ్లీ తిరగేయండి. హంతకుడెవరో తెలిసి చదివినా ఆ పేజీలు అబద్ధం ఆడకుండా నిలబడితే రచయిత పనివాడే. ఇక స్పాయిలర్, అంటే కథ గుట్టు ముందే విప్పేయడం, దానికి గీత ఎక్కడ గీయాలంటే, వెనక అట్ట మీద ఉన్నదీ, మొదటి పాతిక శాతంలో జరిగేదీ చెప్పొచ్చు, ఆ తర్వాతది చెప్పకూడదు. "ఊహించని మలుపు ఉంది" అని కూడా రాయకండి, ఆ మాట చూసిన పాఠకుడు ప్రతి పేజీలో మలుపు కోసమే వెతుకుతాడు.

కవిత్వం: ఎక్కువమంది తడబడేది ఇక్కడే, అందుకే దీనికి కాస్త ఎక్కువ చోటు ఇస్తున్నాను. సంపుటిని ఒక్క బిగిన చదవొద్దు. పదిహేనో కవిత దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఒకలాగే వినిపిస్తాయి, అది కవి తప్పు కాదు. కొన్ని రోజుల మీద, వరస తప్పించి, పైకి చదవండి. పైకి చదివితే పాదం ఎక్కడ విరగాలో అక్కడే విరిగిందా, లేక వచనాన్ని ముక్కలు చేసి కింద కింద పేర్చారా అన్నది నాలుకకే తెలిసిపోతుంది. తర్వాత, తరచూ వచ్చే మాటలు ఒక కాగితం మీద రాసుకోండి. వెన్నెల, మౌనం, గాయం, నెత్తురు, రెక్కలు... కొత్త కవుల్లో ఇవి మందలుగా వస్తాయి. ఏ కవితలో ఈ మందలోంచి బయటపడి, తను మాత్రమే చూసిన వస్తువు ఒకటి తెచ్చాడో అక్కడ గుర్తు పెట్టుకోండి. ఇంకో చోటు కూడా చూడాలి, ముగింపు. అంతదాకా బొమ్మతో చెప్పుకొచ్చి, పాఠకుడికి అర్థం కాదేమోనన్న అనుమానంతో ఆఖరి రెండు పాదాల్లో అర్థం విడమర్చేయడం మొదటి సంపుటాల్లో అతి మామూలు జబ్బు. ఒకసారి ఒక సంపుటి మీద రాస్తూ, రెండు కవితల్లో ఆఖరి పాదాలు తీసేసి చదివి చూడమని పాఠకులకు సూచించాను. కవికి కోపం వచ్చిందని విన్నాను. ఆ తర్వాతి సంపుటిలో అలాంటి పాదాలు తక్కువే. అది నా మాట వల్లనని అనను, రాసేకొద్దీ ఎవరికైనా అబ్బే సంగతే.

అరవై కవితల గురించీ మాట్లాడాలని చూడకండి. మూడో నాలుగో తీసుకుని, పాదాలు చూపించి మాట్లాడండి. కవిత్వ సమీక్షలో ఉదాహరణ లేకపోతే ఏమీ లేనట్టే. కానీ చిన్న కవితను మొత్తంగా ఎత్తి పెట్టాలంటే అనుమతి అడగండి. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం 10వ అధికరణం ప్రచురితమైన రచనలోంచి ఉటంకించడానికి వీలిస్తుంది గానీ, అవసరానికి మించకూడదనీ, రచయిత పేరూ మూలమూ చెప్పాలనీ షరతులు పెడుతుంది. పూర్తి కవిత అవసరానికి మించిందా లేదా అన్న వాదనలోకి దిగేకంటే ఒక మెసేజ్ పెట్టి అడిగేస్తే సరిపోతుంది.

కథల సంపుటి: వరసగా ఒక్కో కథకూ రెండు లైన్ల సారాంశం రాస్తే అది విషయసూచిక అవుతుంది. నచ్చిన రెండూ, నచ్చనిది ఒకటీ తీసుకుని లోతుగా రాయండి.

చరిత్ర, సమాజం, పరిశోధన లాంటి వచనం: విషయం మీకు తెలియకపోయినా పుస్తకం నమ్మదగిందా అన్నది చాలావరకు పట్టుకోవచ్చు. పుస్తకంలో మీకు బాగా తెలిసిన భాగం ఏదో ఒకటి ఉంటుంది, ఒక సంఘటనో ఒక వృత్తో. ముందు అక్కడికి వెళ్లి చూడండి. మీకు తెలిసిన చోట తప్పులుంటే తెలియని చోట లేవని ఎలా నమ్ముతారు? తర్వాత పుస్తకానికి కీలకమైన వాదన ఒకటి ఎంచుకుని, దాని పాదసూచిక పట్టుకుని మూలం దాకా వెళ్లండి. ఒక వృత్తి చరిత్ర మీద వచ్చిన పుస్తకంలో పాదసూచికలు పుష్కలంగా ఉన్నాయి, చూడటానికి గొప్పగా ఉంది. తీరా వెతికితే చాలా భాగం ఒకే ఒక్క పాత పుస్తకానికి చేరాయి, వేరువేరు పేజీలతో. అది దొంగతనం కాదు, దాపరికమూ లేదు, అన్నీ పేరు పెట్టి ఇచ్చారు. కానీ "విస్తృత పరిశోధన" అన్న వెనక అట్ట మాట మాత్రం నిలవదు. సమీక్షలో ఈ సంగతి చెప్పి, రచయిత సొంతంగా చేసిన ఇంటర్వ్యూల అధ్యాయమే పుస్తకానికి ప్రాణమని రాశాను. "పరిశోధనల్లో తేలింది" అంటూ ఏ పరిశోధనో చెప్పని వాక్యాలను కూడా లెక్కపెట్టండి, ముఖ్యంగా వ్యక్తిత్వ వికాసం, ఆరోగ్యం పుస్తకాల్లో.

మిగతావి త్వరగా. ఆత్మకథలో జీవితానికి మార్కులు వేయకండి. ఎంత కష్టపడ్డారన్నదాన్ని కాకుండా ఎలా రాశారన్నదాన్ని చూడండి, తన గురించి ఎంత నిజాయితీగా ఉన్నారో ఇతరుల గురించి అంతే న్యాయంగా ఉన్నారా అన్నదీ చూడండి. ప్రేమ నవలలో చివరికి ఇద్దరూ కలుస్తారని ముందే తెలిసిపోయిందని తప్పుపట్టకండి, ఆ రకం చదివేవాళ్లు అది తెలిసే వస్తారు, ఎలా కలుస్తారన్నదే వాళ్లకు కావాలి. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీల్లో ఆ లోకానికి పెట్టుకున్న నియమాలను రచయిత తనకు ఇబ్బంది వచ్చినప్పుడల్లా మార్చేస్తున్నాడా అన్నది చూడండి. పిల్లల పుస్తకం అయితే బొమ్మలు వేసినవాళ్ల పేరు రాయడం మర్చిపోవద్దు, వీలైతే ఒక పిల్లకో పిల్లాడికో చదివి వినిపించి ఎక్కడ చూపు పక్కకు పోయిందో గమనించండి. అనువాదమైతే అనువాదకుల పేరు తప్పనిసరి. మూలం చదవకుండా "మూలానికి పూర్తి న్యాయం చేశారు" అని మాత్రం రాయకండి, మీకు తెలిసేది ఈ భాషలో వాక్యం సాఫీగా ఉందా అన్నదొక్కటే.

ఒక రకం మీకు అసలు అలవాటు లేకపోతే, సమీక్ష మొదట్లో ఆ ముక్క చెప్పండి. "ఈ తరహా నవలలు నేను తక్కువ చదువుతాను" అన్న ఒక్క వాక్యంతో పాఠకుడు మీ మాటను ఎంతవరకు తీసుకోవాలో తేల్చుకుంటాడు. కుదిరితే ముందుగా ఆ రకంలో అందరూ మెచ్చినవి ఒకటి రెండు చదవండి, ఏది మామూలో ఏది కొత్తో తెలుస్తుంది. లేకపోతే మొదటిసారి చూసిన పాత చిట్కాకే అబ్బురపడిపోతాం.

చదివే పద్ధతి గురించి ఒక మాట. ముందుమాటలు చివర చదవండి. నాలుగు ముందుమాటలున్న పుస్తకాలు వస్తుంటాయి, నాలుగూ చదివి మొదలుపెడితే మీ కళ్లతో చూడటం కష్టం. నేను చూసే చాలా సమీక్షలు ముందుమాటను మాటలు మార్చి రాసినవే, ఉదహరించిన పాదాలు కూడా అవే. చదువుతూ పేజీ నంబర్లు రాసుకోండి. ఏ పేజీలో విసుగొచ్చి ఫోన్ తీశారో అది కూడా.

విడుదలకు ముందు వచ్చే కాపీలు ఉంటాయి చూడండి, పీడీఎఫ్ గానో సమీక్షకులకు ముందస్తు ప్రతులిచ్చే నెట్‌గ్యాలీ లాంటి సైట్ల నుంచో. అవి తుది ప్రతులు కావు. వాటిలోని అచ్చుతప్పుల గురించి రాయకూడదు. వాక్యం ఉటంకించాలంటే అచ్చయిన ప్రతితో సరిచూసుకోవాలి, ఆఖరి నిమిషంలో ఆ వాక్యమే ఎగిరిపోయి ఉండొచ్చు. అచ్చయి బజారులోకి వచ్చిన పుస్తకంలో తప్పులుంటే వేరు. ఎడిటర్ లేకుండా సొంతంగా ప్రచురించుకున్న పుస్తకాల్లో అవి ఎక్కువే ఉంటాయి. జాబితా వేసి వెక్కిరించే బదులు, చదవడానికి అడ్డం వస్తున్నాయా లేదా అన్నది ఒక్క వాక్యంలో చెప్పండి.

ఈ మధ్య ఇంకో అనుమానం కూడా తోడైంది, ఇది మనిషి రాసిందేనా అని. 2023 సెప్టెంబరు నుంచి అమెజాన్ కిండిల్ ప్రచురణ విభాగం, ఏఐతో తయారైన రాత ఉంటే తమకు చెప్పాలని రచయితలను అడుగుతోంది. రోజుకు మూడు పుస్తకాలకు మించి పెట్టకుండా పరిమితి కూడా అప్పుడే తెచ్చింది. ఆ పరిమితి అవసరపడిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది. అనుమానం వచ్చినా సమీక్షలో ఆరోపణ చేయకండి, రుజువు చేయలేరు. ఒకే మాట మూడు రకాలుగా తిప్పి చెబుతోందనీ, ఒక్క ప్రత్యక్ష వివరమైనా లేదనీ రాయండి. ఎవరు రాసినా లోపం లోపమే.

స్టార్ల దగ్గర జాగ్రత్త. పాఠకులు పుస్తకాలకు రేటింగులిచ్చే గుడ్‌రీడ్స్ సైటులో మూడు స్టార్లంటే వాళ్లు పెట్టుకున్న అర్థం "నచ్చింది" అని, రెండంటే "పరవాలేదు". అమెజాన్‌లో అదే మూడు స్టార్లు ప్రతికూల రివ్యూల గుంపులో పడతాయి, నాలుగూ ఐదూ మాత్రమే అనుకూలం. రివ్యూలు పదుల్లో కూడా లేని కొత్త రచయితకు మీరొక్కరు ఇచ్చే స్టార్లే సగటును కదిలిస్తాయి. అందుకని నేను రెండు చోట్లా ఒకే అంకె పెట్టను, ఆయా చోట ఆ అంకెకు ఏమర్థమో చూసి పెడతాను. పెద్ద సమీక్ష రాసిన పుస్తకానికి వీలైనంతవరకు స్టార్లే ఇవ్వను.

ఎంత పొడవు రాయాలి అన్నదానికి, ఆంగ్ల రచయిత జార్జ్ ఆర్వెల్ 1946లో సమీక్షకుల బాధల మీద రాసిన ఒక వ్యాసంలో, చాలా పుస్తకాలను అసలు పట్టించుకోకుండా, విలువైన కొన్నిటికి మాత్రం వెయ్యి మాటలకు తగ్గకుండా రాయడమే మంచి పద్ధతి అన్నాడు. ఆరువందల మాటల మధ్యరకం సమీక్షలు ఎందుకూ కొరగావన్నాడు. మొదటి సగంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. రెండోదానితో కాదు. అనామక రచయిత మీద వెయ్యి మాటలు ఓపిగ్గా చదివేవాళ్లు తక్కువ. ఒక్క విషయం పట్టుకుని, ఒక మంచి ఉదాహరణతో ఐదారువందల మాటల్లో రాస్తే చివరిదాకా చదువుతారు. విడుదలైన వారంలోనే రాయాలన్న ఆరాటం కూడా వద్దు. పెద్ద రచయితలకు ఆ వారం పండగ, వీళ్లకు ఎలాగూ ఆ హడావుడి ఉండదు. ఆరు నెలల తర్వాత వచ్చిన మంచి సమీక్షే వీళ్లకు ఎక్కువ పనికొస్తుంది, అప్పటికి మొదట్లో స్నేహితులు పెట్టిన పోస్టులన్నీ అడుగున పడిపోయి ఉంటాయి.

ప్రచురించాక రచయిత నుంచి ఫోనో మెసేజో వస్తుంది. పాత్ర పేరు తప్పు రాశారు, ఫలానా సంఘటన ఆ అధ్యాయంలో కాదు అంటే వెంటనే సరిదిద్ది, కింద తేదీతో సవరణ అని రాయండి. మీ అభిప్రాయం మార్చుకోమంటే మాత్రం మర్యాదగా కుదరదనండి, కారణాలు మళ్లీ వివరించొద్దు, అవి సమీక్షలో ఉన్నాయి. కామెంట్లలో రచయిత అభిమానులు దిగితే ఒకసారి జవాబిచ్చి ఊరుకోండి. మెచ్చుకున్న రచయిత కృతజ్ఞతగా తర్వాతి పుస్తకానికి ముందుమాట రాయమని అడగడం కూడా మామూలే. ఒప్పుకుంటే ఇక ఆ రచయిత పుస్తకాలకు మీరు సమీక్ష రాయలేరు, అది లెక్కవేసుకుని నిర్ణయించుకోండి.